పార్కు స్థలంలో బావి

ధర్మవరం నుంచి కొత్తచెరువు పోయే రోడ్డు మీద, ఊరు దాటగానే ఎడమచేతి వైపు మా కాలనీ. నాకు టీచరుగా ఇంకా కొన్నేళ్ళు సర్వీసు ఉండగానే మా ఆయనా నేనూ ఇక్కడ స్థలం కొనుక్కున్నాం. అప్పటికి ఒక్క ఇల్లూ లేదు. ఎర్రమట్టిలో సున్నం పూసిన హద్దురాళ్ళు, నడుస్తుంటే చెప్పుల కింద నలిగే పాత చెనిక్కాయ పొట్టు, అంతే. పార్కు కోసమని ఒక మూల కొంత జాగా వదిలారు. అందులో చెట్టనేది లేదు. రాతికట్టు కట్టిన ఒక దిగుడుబావి మాత్రం ఉంది. తొంగిచూస్తే మెట్లు చాలా కిందికి దిగిపోయి, అడుగున పగుళ్ళిచ్చిన మట్టి కనిపించేది.

కాలనీ పడక ముందు ఆ చేనంతా ఒకాయనది. వాళ్ళ నాయన ఆ బావి తవ్వించి, కపిల కట్టి, ఎద్దులతో నీళ్ళు తోడి వరి కూడా పండించాడట. తర్వాత బావి ఎండింది. ఈయన బోర్లు వేశాడు. ఒకటి ఎండితే ఇంకొకటి, అదీ ఎండితే కొంచెం పక్కన మరొకటి. ఆఖరున వేసినదాంట్లో నీళ్ళు పడ్డాయి గానీ, అప్పటికి సేద్యం చేసే సత్తువ ఆయన దగ్గర మిగల్లేదు. చేను అమ్మేశాడు. అమ్మేటప్పుడు ఒక ప్లాటు తనకని ఉంచుకొని, పార్కుకు ఎదురుగా చిన్న ఇల్లు కట్టుకున్నాడు. అలా తన చేలోనే తను మా అందరి మాదిరి ఒక ప్లాటు ఓనరై, మా అసోసియేషన్‌లో ఒక మెంబరై ఉండిపోయాడు. ఇంట్లో భార్యా ఆయనా ఇద్దరే. ఒక్కతే కూతురు, రాయదుర్గంలో కాపురం. అల్లుడు అక్కడ జీన్స్ కుట్టే యూనిట్ నడుపుతాడు. కాలనీలో అందరూ ఆయన్ను పెద్దాయన అనేవాళ్ళు. నేను అన్నా అనేదాన్ని, ఆవిడను అక్కా అని.

నేను రిటైరైన ఏడాదే నన్ను కాలనీ సెక్రటరీని చేశారు. నాలో ఏదో సమర్థత చూసి కాదు. అంతకు ముందున్నాయన కార్లు నిలబెట్టే గొడవలతో విసిగిపోయి, తాళాలు ప్రెసిడెంటు చేతిలో పెట్టి తప్పుకున్నాడు. ప్రెసిడెంటుకు బజార్లో పట్టుచీరల అంగడి ఉంది. పొద్దున పోతే మళ్ళీ భోజనానికి కూడా ఇంటికి రాడు. "టీచరమ్మ ఇంట్లోనే ఉంటాది గదా," అని మీటింగులో ఎవరో అన్నారు. ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేకపోయాను.

ఆ పని ఎట్లాంటిదో చేసినవాళ్ళకే తెలుస్తుంది. వీధిదీపం పగలంతా వెలిగి చీకటి పడగానే ఆరిపోతుంది. ఒకరు ఇంటి ముందు ర్యాంపును రోడ్డు మీదికి జరుపుకుంటారు, వాళ్ళను చూసి పక్కవాళ్ళూ జరుపుకుంటారు. ఇంట్లో ఫంక్షనని పార్కు జాగాలో షామియానా వేసి, మరునాడు తిన్న విస్తర్లు అక్కడే వదిలేస్తారు. అడిగితే "మేమొక్కరమే వేసినామా?" అంటారు. మనకు చెందినదాన్ని ఊడ్చుకుంటాం, పరాయివాళ్ళదాన్ని ముట్టుకోం. అందరిదీ అయిన జాగాను ఏం చెయ్యాలో మాత్రం మాలో ఎవరికీ తెలీదు. అది నేర్పించడానికి ఇంటింటికీ తిరగడమే నా ఉద్యోగం అయింది.

నీళ్ళ సంగతి ఒక్కటి నేను చూసుకోవలసిన పని ఉండేది కాదు. కాలనీకి నీళ్ళు పెద్దాయన వేసిన ఆ ఆఖరి బోరు నుంచే. మోటారు ఆన్ చేసి ట్యాంకు నింపడం, ఒక్కో లైనుకు వాల్వు తిప్పి వదలడం ఆయనే పెట్టుకున్నాడు. పొద్దున్నే తలకు టవల్ చుట్టి, వాల్వు తిప్పే పొడుగాటి ఇనుప కీ భుజాన వేసుకుని, చేలోకి పోయే మనిషిలాగానే బయల్దేరేవాడు. ఎదురైతే, "రెండో లైనుకు కట్టినానమ్మా, ఇంగ మూడో లైను తడవాల," అనేవాడు. ఇళ్ళకు నీళ్ళు వదిలినట్టు కాదు, మడులకు నీళ్ళు కట్టినట్టే ఆ మాట.

ఈ వయసులో నీకెందుకన్నా ఈ శ్రమ, ఒక మనిషిని పెట్టుకుందాం గదా అని ఒకసారి అన్నాను.

"చేను పోయినా నీళ్ళు కట్టే పని మిగిలుండాది గదమ్మా," అన్నాడు. "అదీ లేకపోతే పొద్దున్నే లేసి నేను యాడికి పోవాల?"

మరుపు మొదట ఆ నీళ్ళ దగ్గరే బయటపడింది. ఆ ఏడు ఎండలు తొందరగా ముదిరాయి. బోరు ఆగి ఆగి పోసేది. ఉన్న నీళ్ళు పొదుపుగా వదలాల్సిన రోజుల్లో, ఒక లైనుకు వాల్వు తిప్పి, మళ్ళీ మూయడం మరిచిపోయి ఆయన ఇంటికి పోయి పడుకున్నాడు. ట్యాంకు మొత్తం ఖాళీ అయింది. అదే రోజు నాలుగో లైనులో ఒకరింట్లో పెండ్లి. పెండ్లికూతురికి మంగళస్నానం చేయించడానికి కొళాయిలో చుక్క నీళ్ళు లేవు. టౌను నుంచి ట్యాంకరు తెప్పించేసరికి ముహూర్తం దగ్గర పడింది. పెండ్లికూతురి తండ్రి నా ఇంటి ముందుకు వచ్చి అరిచి, అక్కణ్ణుంచి పెద్దాయన మీదికి పోయాడు. నేను వెనకాలే పరిగెత్తాను. అప్పటికి నిద్ర లేచొచ్చిన పెద్దాయన వాల్వు గుంత పక్కన నిలబడి, "పెండ్లింటికి నీళ్ళు చాలినాయా అప్పా?" అని అడిగాడు. ఆ తండ్రి కాసేపు ఆయన మొహంలోకి చూశాడు. వెనక్కి తిరిగి పోయాడు.

తర్వాత అట్లాంటివి వరసగా జరిగాయి. కూతురు వచ్చి అనంతపురంలో డాక్టరుకు చూపించింది. వయసుతో వచ్చే జబ్బే, ఇది తగ్గేది కాదు, జాగ్రత్తగా చూసుకోండి అన్నారట. రాయదుర్గం తీసుకుపోయి కొన్నాళ్ళు పెట్టుకుంది కూడా. అక్కడ ఆయన తిండి మానేశాడు. నీళ్ళు కట్టాల, ఇంటికి పోవాల అని గేటు పట్టుకొని నిలబడేవాడట. మళ్ళీ తెచ్చి దింపిపోయింది.

కమిటీ కూర్చుని, నీళ్ళకు వేరే మనిషిని పెట్టాలని తీర్మానం చేసింది. చెప్పే పని నాకు పడింది. సాయంత్రం వాళ్ళింటికి పోయాను. అక్క వసారాలో రాగులు చెరుగుతూ ఉంది. ఆయన కుర్చీలో, కీ కాళ్ళ దగ్గర పెట్టుకొని కూర్చున్నాడు.

"అన్నా, రేపట్నుంచి నీళ్ళు వేరే వాళ్ళు వదుల్తారు," అన్నాను.

ఆయన నొచ్చుకుంటాడనుకున్నాను. "నా వంతు అయిపోయిందా?" అన్నాడు.

ఒకే బావి కింద ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు సేద్యం చేసేటప్పుడు నీళ్ళు వంతుల ప్రకారం పంచుకుంటారు. ఆయన ఆ వంతు గురించి అడుగుతున్నాడు.

"అయిపోయిందన్నా."

"ఇప్పుడు ఎవురిది వంతు?"

అప్పటికి తోచినట్టు పక్కింటివాళ్ళది అన్నాను. ఆయన వంగి కీ తీసి నా చేతికిచ్చాడు. బరువుగా ఉంది. "వాళ్ళ చేను తడిసినాక నాకొక మాట చెప్పమ్మా," అన్నాడు. అక్క చేట పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నేను వచ్చేసేదాకా మళ్ళీ బయటికి రాలేదు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే మా గేటు దగ్గరికొచ్చి అడిగేవాడు, వాళ్ళ వంతు అయిపోయిందా అని. ఇంకా లేదన్నా అనేదాన్ని. "నీళ్ళు తక్కువుండాయి, నిదానంగానే పారతాయిలే," అని నాకే ధైర్యం చెప్పి పోయేవాడు. పేపరు చదువుతున్న మా ఆయన, ఆయన అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, పేపరు మడిచి లోపలికి పోయేవాడు. ఆ మాట వినడం తన వల్ల కాదన్నాడు.

చేతిలో కీ లేకపోయేసరికి పెద్దాయన కాలనీ అంతా తిరగడం మొదలుపెట్టాడు. ఆయన కళ్ళకు ఇళ్ళు కనిపించడం మానేశాయి. ఒకరి గేటు తీసుకుని లోపలికి పోయి, పూలకుండీల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని కలుపు పీకేవాడు. పిల్లలు సైకిళ్ళ మీద పోతుంటే గట్టు తొక్కొద్దని కసిరేవాడు. కొందరు నవ్వి ఊరుకున్నారు. కొందరు గేటుకు తాళాలు వేసుకున్నారు. ఒకనాడు తెల్లవారుతూనే, పంట మీద అడవిపందులు పడ్డాయని అరుస్తూ రాళ్ళు విసిరాడు. ఒక రాయి ప్రెసిడెంటు కారు అద్దానికి తగిలింది.

ప్రెసిడెంటు చెడ్డవాడు కాదు. అయినా ఆ రోజు గట్టిగానే మాట్లాడాడు. "రాయి అద్దానికి తగిలింది కాబట్టి సరిపాయ. రేపు పిల్లోళ్ళకు తగిల్తే? ఆయప్పను ఇంట్లో పెట్టుకోమని చెప్పు టీచరమ్మా. సెక్రటరీవి నువ్వే గదా."

పోయి అక్కకు చెప్పాను. "కట్టేయమంటావా మ్మా?" అంది అక్క. కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే, ఏం చెయ్యమంటావో చెప్పమన్నట్టు అడిగింది. ఆ రోజు నుంచి ఆమె గేటుకు తాళం వేసి, తాళంచెవి కొంగుకు కట్టుకుంది.

ఎండాకాలం ఇంకా పోలేదు. ఒక సాయంత్రం అక్క పరిగెత్తుకుంటూ మా ఇంటికొచ్చింది. పాలు తీసుకుని గేటు వేసేలోపల ఆయన కనబడకుండా పోయాడు. కాలనీ అంతా వెతికాం. మెయిన్ రోడ్డు దాకా మనుషులు పోయి చూసొచ్చారు. అందరికంటే కోపంగా మాట్లాడిన ప్రెసిడెంటు కూడా అంగడి వదిలేసి వచ్చి, బస్టాండు దాకా స్కూటరు మీద తిరిగాడు. పొద్దు వాలుతుండగా, పార్కులో ఆడుకునే పిల్లల్లో ఎవరో వచ్చి బావిలో చప్పుడవుతోందని చెప్పారు.

బావి చుట్టూ మేము ఇనుప కంచె వేయించి ఉన్నాం. దాన్ని ఒకపక్క వంచి లోపలికి దిగాడు. మేమంతా గట్టు మీద గుమిగూడి చూశాం. అడుగున, నీడలో, తెల్లపంచె కట్టుకున్న ఆకారం వంగి ఉంది. రెండు చేతులతో మట్టి తోడి పక్కన పోస్తున్నాడు. ఇద్దరు కుర్రవాళ్ళు దిగి పట్టుకోబోతే విదిలించి కొట్టాడు. వాళ్ళు బలవంతం చేస్తే మెట్ల మీద పడిపోతాడేమోనని అక్క వద్దంది. అప్పుడు నేను దిగాను. రాతికట్టు పట్టుకొని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ. పైన వేడి గాలి కొడుతుంటే లోపల చల్లగా ఉంది. ఎండిన బావి అంత చల్లగా ఉంటుందని నాకు తెలీదు.

"ఏం చేస్తాండావన్నా?" అన్నాను.

"పూడిక తీస్తాండా. నాయన సందేళకు వచ్చి చూస్తాడు." చేతుల నిండా మట్టి, ఒక వేలు చిట్లి నెత్తురు కారుతోంది. మొహం మాత్రం ఎప్పుడూ లేనంత తేటగా ఉంది. "ఇంగొక మనిషి నిలువు లోతు తీస్తే ఊట తగుల్తాదమ్మా. నాకు తెలుస్తాంది."

ఆయన పక్కన కింది మెట్టు మీద కూర్చున్నాను. ఏం చెప్పినా ఆయన వినడు. నిజం చెప్పడానికి అక్కడ అర్థం లేదు. కొంచెంసేపు ఆయన మట్టి తోడటం చూస్తూ ఉండి, "అన్నా, సంగటి పొద్దయింది. అక్క పిలుస్తాంది. తినేసి వచ్చి తీద్దాం," అన్నాను.

ఆయన ఆగాడు. పైకి చూశాడు. "ఔను, ఆకలయితాంది," అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి మెట్లెక్కాడు. పైన అక్క ఆయన చేతులు చెంబునీళ్ళతో కడిగింది. అందరూ దారి వదిలారు.

తర్వాతి ఆదివారం మీటింగు పెట్టాం. రేకుల షెడ్డులో, మా కమ్యూనిటీ హాలులో. కంచె ఇంకా ఎత్తు పెంచాలని ఒకరు, పైన జాలీ వేయించాలని ఒకరు, వాననీళ్ళు ఇంకడానికి బావి పనికొస్తుంది గాబట్టి అట్లే ఉంచాలని ఇంకొకరు. వాదనలు నడుస్తుండగా అక్క లోపలికొచ్చింది. మీటింగులకు ఆమె ఎప్పుడూ వచ్చేది కాదు. కూర్చోమంటే కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి, "బాయి పూడ్పియ్యండి," అంది.

ప్రెసిడెంటే మొదట నోరు విప్పాడు. "మీ మామ తవ్వించిన బాయి గదమ్మా. తొందరపడొద్దు. వేరే దావ చూస్తాంలే."

"నేను ఈ ఇంటికి వచ్చిన పొద్దు ఆ బాయికే పూజ చేపిచ్చినారు," అంది ఆమె. "మా పాప ఆ నీళ్ళు తాగే పెరిగింది. నాకు తెలీకనా? ఆ బాయి ఉన్నంతకాలం ఈయప్ప దాంట్లోకి దిగుతానే ఉంటాడు. నేను ఎన్ని తాళాలు ఎయ్యాల? నాకూ వయసైపాయ." వెనక్కి తిరుగుతూ, "మనిషిని పోగొట్టుకొని బాయిని ఏం చేసుకోవాల నేను," అని వెళ్ళిపోయింది.

ఎవరూ చెయ్యెత్తి ఓటు వేసింది లేదు. అయినా తీర్మానం అయిపోయింది.

పూడ్చే రోజు పొద్దున అక్క బావి గట్టుకు పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టింది. గంగమ్మకు ఊపిరాడాలని మేస్త్రి ఒక పొడుగు పైపు అడుగుదాకా దించి నిలబెట్టాడు. కొత్త ఇళ్ళ పునాదులు తవ్వగా వచ్చిన మట్టిని ట్రాక్టర్లు తెచ్చి పోయడం మొదలుపెట్టాయి. అక్క గట్టు పక్కనే ఒక రాయి మీద కూర్చుంది. నన్ను ఆయన దగ్గర ఉండమంది.

వసారాలో కుర్చీ వేసుకుని ఆయన అంతా చూస్తున్నాడు. గొడవ చేస్తాడేమోనని నేను భయపడుతూ ఉన్నాను. చాలాసేపటికి ఆయన నావైపు తిరిగాడు.

"ఎవురిదమ్మా ఆ బాయి?"

"తెలీదన్నా," అన్నాను.

"పాపం," అన్నాడు. "ఎవురూ ఊరికే పూడ్చుకోరు. ఆ ఇంట్లో ఎంత కష్టమొచ్చిందో ఏమో." ట్రాక్టరు ఇంకో లోడు పోసింది. ఎర్రదుమ్ము లేచి మా మీదికి వచ్చింది. ఆయన లేచి, చిలక్కొయ్యకున్న టవల్ తీసి భుజాన వేసుకున్నాడు. "పోయి ఒక మాట పలకరించొస్తా. చూసీ చూడనట్టు ఉంటే బాగుండదు."

ఆపడానికి నాకు మనసు రాలేదు. చెయ్యి పట్టుకొని రోడ్డు దాటించాను. ట్రాక్టరు డ్రైవరు ఇంజను ఆపాడు. పెద్దాయన నేరుగా అక్క కూర్చున్న రాయి దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఆమె తలెత్తి చూసింది. చావింటికి పోయినప్పుడు ఎట్లా నిలబడతారో అట్లా, చేతులు ముందుకు కట్టుకుని నిలబడ్డాడు ఆయన.

"బాధపడొద్దు తల్లీ," అన్నాడు. "వానలు లేకపోతే ఎవురేం చేస్తారు? నీళ్ళకు ఇబ్బంది అనుకోవద్దు. మాకు బాయి ఉండాది. మీ ఇంటోళ్ళంతా ఆడికే వచ్చి తోడుకోండి. ఎవురూ ఏమీ అనరు. నేను చెప్తా మా ఇంట్లో."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అట్లే అప్పా," అంది. "చల్లగా ఉండు నువ్వు."

ఆయన తృప్తిగా తలూపి, నా చెయ్యి పట్టుకుని వెనక్కి నడిచాడు. మట్టి పోసే కూలీలు, ప్రెసిడెంటు, చూడవచ్చిన ఆడవాళ్ళు అందరూ అట్లే నిలబడిపోయారు. నేను ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

బావి పోయిన తర్వాత ఆయన తిరగడం తగ్గిపోయింది. వంతు సంగతి అడగడం కూడా మానేశాడు. పొద్దున్నే లేచి కుర్చీలో కూర్చునేవాడు, మళ్ళీ లేపితే లేచేవాడు. వానాకాలం దాటక ముందే, జ్వరం వచ్చి, పెద్దగా ఎవరినీ శ్రమ పెట్టకుండా పోయాడు. పెండ్లింట్లో నీళ్ళు లేవని అరవడానికి వచ్చిన తండ్రీ, ప్రెసిడెంటూ పాడె మోశారు.

పెద్దకర్మ అయినాక పార్కుకు ఆయన పేరు పెడదామని ప్రెసిడెంటు అన్నాడు. పూడ్చిన చోట కానుగ మొక్కలు నాటి, ముందర ఒక ఆర్చి కట్టించి, దాని మీద రాయిద్దామని. అందరికీ నచ్చింది. అక్కను అడగడానికి నేనే పోయాను. ఆమె గుడ్డలు మడిచి బ్యాగులో పెట్టుకుంటోంది. కూతురు వచ్చి రాయదుర్గం తీసుకుపోతోంది.

"ఆయప్ప పేరు ఆయప్పకే గుర్తు లేకపాయ," అంది అక్క. "గోడ మీద రాసి ఎవురికి చూపిస్తారు మ్మా? మొక్కలు పెట్టుకోండి, చాలు."

బస్సెక్కించడానికి పోయాను. బస్సు రావడానికి ఆలస్యమైంది. కూతురు బస్సు ఎప్పుడొస్తుందో కనుక్కోవడానికి పోయింది, అక్కా నేనూ బెంచీ మీద కూర్చున్నాం. "పోయిన దినం నాకు ఏడుపు రాలేదు," అంది ఆమె, రోడ్డు వైపు చూస్తూ. "ఊర్లో ఆడోళ్ళు చెవులు కొరుక్కున్నారు. నాకు తెలుసు. బాయి కాడికి ఆయప్ప వచ్చి నన్ను పలకరించిపోయినాడు చూడు, ఆ పొద్దే నాకు అంతా అయిపాయ." నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఆ ఇంట్లో ఇప్పుడు బాడుగకు ఒక చిన్న కుటుంబం ఉంది. సెక్రటరీ పని ఇంకా నేనే చేస్తున్నాను. మానేస్తానని ప్రతి మీటింగులోనూ చెప్తాను, ఎవరూ పట్టించుకోరు. అక్క అప్పుడప్పుడూ రాయదుర్గం నుంచి ఫోను చేస్తుంది. నా ఆరోగ్యం అడుగుతుంది, మా ఆయన మోకాళ్ళ నొప్పి అడుగుతుంది. ఆడ వానొచ్చిందా మ్మా అని అడుగుతుంది. వచ్చిన రోజైతే వచ్చిందక్కా అంటాను. రాని రోజులే ఎక్కువ. ఇంటి సంగతి ఆమె అడగదు, పార్కు సంగతి నేను ఎత్తను. కాసేపు ఇద్దరం ఊరికే ఫోను పట్టుకొని ఉంటాం, అవతల అల్లుడి యూనిట్‌లో మిషన్లు కుట్టే చప్పుడు వినిపిస్తూ ఉంటుంది.